వెనక ముక్క ముప్పావు వంతు

హాజీ ముస్తకీం గారి షెడ్డులో బస్సులకు రంగులు వేసేవాళ్ళం పదకొండు మందిమి. అందరిలోకీ కోపిష్టివాణ్ణి నేనే. "కస్మాదికి కోపం ముక్కు మీదే ఉంటుంది, రంగులో కలిపే తిన్నరు వాసనకి కూడా అది దిగదు" అని తోటి పనివాడు పర్జో వెక్కిరిస్తుంటాడు. నేను కాదనను. ఇరవయ్యారేళ్ళుగా బస్సుల ఒంటి మీద టేపు అంటించి గీతలు తీస్తున్నాను. వంకర గీత కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే నా గీత తిన్నగా ఉంటుంది. మా మగెలంగ్ ఊరి చుట్టుపక్కల నా టేపుకి వంక పెట్టినవాడు లేడు.

కాని కోపానికి టేపు అంటించే వీల్లేదు. ఎక్కడ ఆగాలో దానికి గుర్తు ఉండదు. ఈ ఏడాది మార్చిలో నా కోపం ఎవరి మీద పడకూడదో వాళ్ళ మీదే పడింది. ఆ సంగతి చెబుతాను. చెబుతుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నా కూతురు కినంతికి పదిహేడేళ్ళు. వృత్తివిద్య బడిలో డిజైను చదువుతోంది, ఆఖరి సంవత్సరం. ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళ రెత్నో టీచరు నన్ను బడికి పిలిపించింది. బల్ల మీద హామీపత్రం సిద్ధంగా పెట్టి ఉంది, స్టాంపు కూడా అంటించేశారు. అది మూడోది. క్లాసులో ఫోనులో బస్సు గేము ఆడుతూ దొరికిన ప్రతిసారీ, ఇక ఆడదని ఒక పత్రం. మొదటి రెండిటి మీదా నేనే సంతకం పెట్టాను.

"నాలుగోది ఉండదండి," అంది టీచరు. "నాలుగోసారి దొరికితే పేరు కొట్టేయడమే. అయినా ఆ దాకా ఎందుకు? ఇంకో పన్నెండు రోజుల్లో పరీక్ష. బయటి నుంచి అధికారి వస్తారు. ప్రతి పిల్లా సొంతంగా చేసిన డిజైను ఒకటి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల్లో ఏ పొర మీద ఏముందో విడదీసి చూపించి, ఎందుకలా చేసిందో చెప్పాలి. లేకపోతే ఏడాది పోయినట్టే. మీ అమ్మాయి ఇంతవరకు నాకు ఒక్క ముక్క చూపించలేదు."

"చూపించాను టీచర్," అంది కినంతి. "నా పని ఇందులోనే ఉంది." చేతిలో ఫోను ముందుకు పెట్టింది. అద్దం ఒక మూల పగిలిన పాత ఫోను.

టీచరు ఆ ఫోను వైపు చూడలేదు. "గేములో బస్సులకి రంగులెయ్యడం డిజైనా? అందరూ షాంపూ డబ్బాలకి, కాఫీ పొట్లాలకి చేస్తున్నారు. ఇదేమో బస్సంటుంది. బస్సుకి రంగెయ్యడం మీ నాన్న పని తల్లీ. దానికి బడెందుకు?"

చూశారా ఆ మాట? ఎవరిని అన్నట్టు అది? బుద్ధి ఉన్న మనిషికైతే ఆ టీచరు మీద కోపం రావాలి. నాకు నా కూతురి మీద వచ్చింది. నా పని బడిలో నలుగురి ముందు నవ్వులపాలు కావడానికి కారణం ఇదే కదా, ఈ ఫోనే కదా అనిపించింది. పెన్ను తీసుకుని స్టాంపు మీదుగా సంతకం గీకేశాను.

"గేము ఒక్కటీ తీసేస్తే లాభం లేదండి, మళ్ళీ తెచ్చుకుంటారు," అంది టీచరు నేను లేస్తుంటే. "ఖాతా కూడా తీసేయించండి."

బడి నుంచి తిన్నగా సందు మొగలో ఉన్న ఫోన్ల కొట్టుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు ఫోను అటూ ఇటూ తిప్పి, "మొత్తం తుడిచేస్తే అన్నీ పోతాయండీ, ఫొటోలు కూడా. పర్లేదా?" అన్నాడు.

"అన్నీ పోవాలి," అన్నాను.

"నాన్నా, నా పరీక్ష పని అందులో ఉంది నాన్నా," అంది కినంతి. "నలభై మూడు బస్సులు ఉన్నాయి. రెండేళ్ళ నుంచి చేస్తున్నాను. ఒక్కసారి తెరిచి చూపిస్తాను, చూడండి. చూశాక మీ ఇష్టం."

"ఎవరికి చెబుతావే కథలు? ఆటకి పరీక్షేంటి?"

"ఆట కాదు నాన్నా. అంటే, ఆటే. కానీ..."

"నోరు ముయ్."

ఖాతా తీసేయాలంటే పాస్‌వర్డ్ కావాలన్నాడు కుర్రాడు. అది కూడా దాని చేతే కొట్టించాను. కొట్టించానని ఎందుకు చెబుతున్నానంటే, ఆ చెయ్యి నాకు ఇంకా కనిపిస్తుంది. ఏడవలేదు. ఒక్కొక్క అక్షరం నిదానంగా నొక్కింది. కుర్రాడు ఇంకోసారి అడిగాడు, ఇందులో పెట్టినవన్నీ మళ్ళీ రావు, సరేనా అని. సరే అన్నాను. ఆ ఖాళీ ఫోను తీసి నా జేబులో వేసుకున్నాను, ఏదో గెలిచినవాడిలా.

ఇంట్లో నా భార్య సుమినా, "చూపిస్తానన్నప్పుడు చూస్తే నీ సొమ్మేం పోయేది?" అంది. దాని మీదా అరిచాను.

మర్నాటి నుంచి బడి అవగానే కినంతిని షెడ్డుకి రమ్మన్నాను, నా కళ్ళ ముందు కూర్చోమన్నాను. ఖాళీ రంగు డబ్బా బోర్లించి, ఒళ్ళో అట్ట పెట్టుకుని షాంపూ డబ్బా బొమ్మ గీయాలి. పన్నెండు రోజుల్లో పరీక్షకి అదే చూపించాలి. ఇదీ నా ఏర్పాటు. మంచి తండ్రిననుకున్నాను.

అప్పుడు షెడ్డులో సముద్రం దాటి లంపుంగ్ వెళ్ళే కంపెనీ వాళ్ళ కొత్త బస్సు ఉంది. పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లరంగు వేసి ఆరబెట్టాం. దాని డిజైను హాజీగారి మేనల్లుడు ఫద్లాన్ తెచ్చాడు. రెండేళ్ళు జకార్తాలో ఏదో చదివి వచ్చి, ఇప్పుడు మా షెడ్డులో కుర్చీలో కూర్చుంటాడు. వాడంటే నాకు పడదు. కాని ఆ డిజైను చూసి నోరు తెరిచాను. ముందు చక్రం దగ్గర సన్నగా మొదలైన నారింజ చార (మేం పట్టా అంటాం), దాన్ని అంటుకుని ముదురు నీలం పట్టా, రెండూ పోను పోను వెడల్పవుతూ కిటికీల మీదుగా ఎక్కి, మూల తిరిగి, వెనక అద్దం కింద కలుస్తాయి. బస్సు ఆగి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంటుంది. పట్టా అంచు తలుపు సందు మీద పడకుండా, తలుపు తెరిచినప్పుడు ముక్కలైనట్టు కనబడకుండా ఎంత ఆలోచించి గీశారో! టేపు పట్టుకున్నవాడికే తెలుస్తుంది ఆ కష్టం.

"ఇటు చూడవే," అన్నాను నా కూతురితో, గోడకి తగిలించిన ఆ కాగితం చూపిస్తూ. "చదువుకున్నవాడి పనంటే ఇలా ఉంటుంది. ఇరవయ్యారేళ్ళలో ఈ షెడ్డుకి ఇలాంటిది రాలేదు. ఫోనులో ఆటలాడితే వస్తుందా ఇది?"

కినంతి ఆ కాగితం వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ తల దించి షాంపూ డబ్బా గీసుకుంది. నాకది పొగరనిపించింది.

సోమవారం పక్కలు పూర్తయ్యాయి. మంగళవారం బస్సు వెనక భాగానికి వచ్చేసరికి తంటా మొదలైంది. ఫద్లాన్ కంప్యూటర్లో బొమ్మని బస్సు కొలతకి పెంచి, ముక్కలుగా అచ్చు వేయించి తెచ్చాడు. మేం ఆ ముక్కలు బస్సుకి అంటించి, అంచుల వెంట టేపు వేసుకుంటూ పోతాం. పక్క నుంచి వచ్చిన పట్టా మూల దగ్గర ఎంత ఎత్తులో ఉందో, వెనక ముక్క మీద పట్టా అంతకంటే ఒక జాన కిందుంది. కలవలేదు. ముక్క పైకి జరిపితే కింద నంబరు పలక మీదికి తెల్లరంగు ఖాళీ వస్తోంది. కిందికి లాగితే పట్టాలు విరిగిన ఎముకలా ఉన్నాయి. బుధవారం కూడా అదే పని. శుక్రవారం నమాజు తరువాత బస్సు అప్పగించాలి.

"ముక్క సరిగ్గానే ఉంది. మీ టేపే వంకరగా పోతోంది కస్మాదిగారూ," అన్నాడు ఫద్లాన్, కుర్చీలోంచి లేవకుండానే. "కళ్ళు చూపించుకోకూడదా? వయసైపోయింది కదా."

పర్జో నా చెయ్యి పట్టుకున్నాడు గానీ లేకపోతే ఆ టేపు చుట్టతో వాడి మూతి పగలగొట్టేవాణ్ణి. "నా టేపు వంకరా? ఒరేయ్, నువ్వు లాగు వేసుకోవడం నేర్వకముందు నుంచి..."

"వెనక ముక్క ముప్పావు వంతే ఉంది," అని వినబడింది.

కినంతి. డబ్బా మీంచి లేచి నిలబడింది. అందరం అటు తిరిగాం.

"ఆ బొమ్మలో వెనక ముక్కని కుదించి పెడతారు. పక్కలు ఎంత పెంచారో దాన్నీ అంతే పెంచితే కలవదు. మూడు జానలు ఉన్నచోట నాలుగు రావాలి. ఆ తేడానే మీకు జానెడు వస్తోంది."

ఫద్లాన్ నవ్వాడు. "ఈ పిల్ల ఎవరు నాకు చెప్పడానికి?"

 కినంతి కింద పడున్న సుద్దముక్క తీసుకుని బస్సు వెనక్కి నడిచింది. జాన పెట్టి కొలుచుకుంటూ, అచ్చు ముక్క మీద మూడు వచ్చిన ప్రతిచోటా బస్సు మీద నాలుగు పెట్టి గుర్తు పెట్టింది. మూల గుండ్రంగా తిరిగేచోట ఒక్క క్షణం ఆగి, పెదవులు కదుపుతూ ఏదో లెక్క వేసుకుని, రెండు వేళ్ళు లోపలికి పెట్టింది. పదిహేను చుక్కలు. "నాన్నా, వీటి మీదుగా టేపు వెయ్యండి," అంది.

వేశాను. నా చేతులతో నేనే వేశాను. పక్క పట్టా మూల తిరిగి వచ్చి వెనక పట్టాతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. అవతలి పక్కా అంతే. రెండూ వెనక అద్దం కింద ఒకటైపోయాయి. 

"లెక్కల్లో నలభై మార్కులొచ్చాయని తిట్టావు కదన్నా మొన్న?" అన్నాడు పర్జో. "ఈ లెక్క ఎక్కడిది మరి?"

నేను అదే అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావు అని.

"గేములో," అంది. "గేములో బస్సుని విప్పి పరుస్తారు నాన్నా, చొక్కా కుట్లు విప్పి బల్ల మీద పరిచినట్టు. పక్కలు, ముందు, వెనక, కప్పు, అన్నీ ఒక్క కాగితం మీదే పట్టాలి. చోటు చాలదు. వెనక భాగం ఎవరూ పెద్దగా చూడరని దాన్ని చిన్నది చేసి పెడతారు. ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. మొదట్లో ఆరునెలలు నాకూ కలవలేదు. కలిసేదాకా చేశాను. మకస్సర్‌లో ఒక అక్క ఉంది, గేములోనే పరిచయం, ఆవిడ చూసి, వెనక ముక్క కొలుచుకోవే అంది. అప్పుడు కొలిచాను. ఆ తరువాత నేనే చాలామందికి చెప్పాను. సుమత్రా నుంచి ఒక లారీ డ్రైవరు రోజూ అడిగేవాడు. ఆయనకి మూడుకి నాలుగు అంటే అర్థం కాకపోతే అన్నం ముద్దలతో లెక్క చెప్పాను."

 నా కూతురు ఒకరికి లెక్కలు చెప్పిందట. నేనేమో దానికి నలభై మార్కుల కాగితం మొహాన కొట్టాను.

"అయినా ఈ బొమ్మ గేము బొమ్మ కాదు కదా," అన్నాను. "ఫద్లాన్ గీసింది కదా ఇది."

"నేను గీసింది నాన్నా," అంది కినంతి. "నలభై మూడింట్లో ముప్పై ఎనిమిదోది."

ఫద్లాన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచి పోయాడో పోయాడు.

"మరి మొన్న నేను కాగితం చూపించి పొగిడినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేవారా?"

సమాధానం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అక్కడి నుంచి నా కోపం ఫద్లాన్ మీదికి మళ్ళింది. అబ్బ, ఎంత హాయిగా మళ్ళిందో!  దొంగ వాడు. నా బిడ్డ సొత్తు ఎత్తుకుపోయినవాడు వాడు. తిన్నగా హాజీగారి గదిలోకి వెళ్ళి, చెప్పులు కూడా విడవకుండా, ఉన్నదంతా చెప్పాను. సోమవారం పరీక్ష అన్నాను. ఈ బస్సు డిజైను మా అమ్మాయిదని మీ చేత్తో బడికి రాసిస్తే చాలు, ఇంకేం వద్దన్నాను.

హాజీగారు గడ్డం నిమురుకున్నారు. "రాసిస్తాలే. శుక్రవారం దాకా ఓపిక పట్టు. కంపెనీ వాళ్ళొస్తున్నారు, ఇప్పుడు గొడవెందుకు? అందరి ముందూ నేనే చెబుతాగా."

పట్టాను. నా జీవితంలో నేను ఓపిక పట్టిన రెండు రోజులు అవే.

శుక్రవారం మసీదు నుంచి వచ్చేసరికి బస్సు బయట ఎండలో మెరిసిపోతోంది. దాని ముందు చాప పరిచి, మధ్యలో పెద్ద పళ్ళెంలో పసుపన్నం గోపురంలా పోసి పెట్టారు, చుట్టూ వేయించిన కోడి, సోయాగింజలతో చేసిన టెంపే ముక్కలు, ఉడికిన గుడ్లు. కొత్త బస్సు షెడ్డు దాటే ముందు ఎప్పుడూ ఉండేదే. దువా ప్రార్థన అయ్యాక ఆ గోపురం కొస కోసి, పనికి ముఖ్యుడు ఎవరో వాళ్ళ చేతిలో పెడతారు. ఇరవయ్యారేళ్ళలో ఆ కొస నాకు రెండుసార్లు వచ్చింది. ఆ రోజు అది కినంతికి వస్తుందని సుమినాని కూడా రమ్మన్నాను. సుమినా దాచుకున్న పట్టు రవిక వేసుకుని వచ్చింది. కినంతి బడి దుస్తుల్లోనే నా వెనక కూర్చుంది.

హాజీగారు కొస కోశారు. ఆకులో పెట్టారు. కంపెనీ వాళ్ళ వైపు తిరిగి, "మా పిల్లవాడి ఆలోచన. మీ బస్సుకి కొత్త మొహం ఇచ్చాడు," అని ఫద్లాన్ చేతికి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. ఎవరి అన్నం మీద నుంచో దాటాను.

"ఎవడి ఆలోచన హాజీగారూ? వీడిదా? వెనక ముక్క ఎందుకు కలవలేదో చెప్పమనండి వీణ్ణి! ఇంతమంది ముందు చెప్పమనండి! మూడుకి నాలుగు ఎందుకు పెట్టాలో చెప్పరా! చెప్పలేవు. ఎందుకంటే నువ్వు గీయలేదు. నా కూతురు గీసింది. నువ్వు దొంగవి!"

"కస్మాదీ, కూర్చో," అన్నారు హాజీగారు. మొహం గంటు పెట్టుకున్నారు.

"కూర్చోను. బుధవారం నాతో ఏమన్నారు మీరు? మక్కా వెళ్ళొచ్చిన నోరు కదా అది!"

ఆ మాట అనకూడదు. అన్నాను. సుమినా మొహం కప్పుకుంది. పర్జో నేల చూపులు చూశాడు.

ఫద్లాన్ లేచి నిలబడ్డాడు.  "నేను దొంగతనం చెయ్యలేదు," అన్నాడు. "నెట్‌లో పెట్టి ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, నేర్చుకోవచ్చు అని రాసి మరీ ఉంది. పధ్నాలుగు వేల మంది దించుకున్నారు, నేనూ దించుకున్నాను. పెట్టినవాళ్ళ పేరు టేపుమేస్త్రి కూతురు అని ఉంది. ఏ ఊరి టేపుమేస్త్రో, ఎవరి కూతురో నాకేం తెలుసు? తరువాత అడుగుదామని వెతికితే అసలు ఆ ఖాతాయే లేదు."

టేపుమేస్త్రి కూతురు. షెడ్డువాళ్ళందరూ నా వైపు చూశారు. టీచరు నవ్విన పనిని నా కూతురు పధ్నాలుగు వేల మంది ముందు పేరుగా పెట్టుకుంది. ఆ పేరుని నేను కొట్టులో నిలబడి, పాస్‌వర్డ్ కొట్టించి మరీ తీసేయించాను.

హాజీగారికి అప్పటికి పరువు గుర్తొచ్చింది. "సరే, సరే, ఇద్దరి పనీ అనుకుందాం. ఆ ఆకు అమ్మాయికివ్వరా," అన్నారు. ఫద్లాన్ వచ్చి ఆకు కినంతి ముందు పట్టాడు.

తీసుకోవద్దు అని అరవబోయాను. మొహాన కొట్టు అని అరవబోయాను. నాలోని కోపం అంతా ఆ ఒక్క అరుపులో సిద్ధంగా ఉంది.

కినంతి ఆకు వైపు చూడనే లేదు. "అన్నా," అంది ఫద్లాన్‌తో, మామూలుగా, పక్కింటివాణ్ణి అడిగినట్టు. "అప్పుడు దించుకున్నప్పుడు పొరలన్నీ విడివిడిగా ఉన్న ఫైలు కూడా వచ్చిందా?"

"వచ్చింది."

"తీసేశావా, ఉందా?"

"లాప్‌టాప్‌లో ఉంది."

"నాకొక కాపీ ఇస్తావా? సోమవారం పరీక్ష. పొరలు చూపించాలి."

"వాణ్ణి అడుక్కోవడమేంటే!" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినబడింది. "అది నీది! నీ వస్తువు నువ్వు అడుక్కుంటావా? హాజీగారు రాసిస్తారు. ఈ బస్సు నీదని రాసిస్తారు. ఆయన మెడలు వంచి రాయిస్తాను."

"రాసిస్తే పరీక్షలో ఏం చూపించను నాన్నా?" అంది. నా మీద కోపం కూడా లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "వాళ్ళు పొరలు అడుగుతారు. నా దగ్గర లేవు కదా."

అంతే అంది. మీరు తుడిచేశారు కదా అనలేదు. చాప మీద కూర్చున్న షెడ్డువాళ్ళందరికీ, కంపెనీ వాళ్ళకీ, సుమినాకీ ఆ అనని ముక్క వినబడింది.

ఫద్లాన్ గదిలోకి వెళ్ళాం. వాడు లాప్‌టాప్ తెరిచాడు. కినంతి పక్కన నిలబడి వేలితో చూపిస్తుంటే ఒక్కొక్క పొర తీసి చూపించాడు. తెల్లటి బస్సు, దాని మీద సన్నటి గీతలు, నీలం, నారింజ, తలుపుల సందులు, చక్రాల వంపులు. నలభైకి పైగా పొరలున్నాయి. నేను మొదటిసారి చూశాను. తొమ్మిది రోజుల కింద కొట్టులో చూపిస్తానని బతిమాలింది ఇదే.

"నీవి మిగతావి కూడా బాగుండేవి," అన్నాడు ఫద్లాన్ పెన్‌డ్రైవ్ పెడుతూ. సిగ్గుపడుతున్నాడు, పాపం, నిజంగానే. "పచ్చబస్సు ఒకటి ఉండేది, బాతిక్ పువ్వులతో. అది ఇంకా బాగుండేది."

"అవి కూడా దించావా?" అని అడిగాను నేను. దగ్గరికి జరిగి మళ్ళీ అడిగాను. "అవి కూడా ఉన్నాయా నీ దగ్గర?"

"లేవండి. ఇదొక్కటే దించాను."

ఆ క్షణంలో వాడి మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. దొంగవెధవ! ఎత్తుకుపోయేవాడివి అన్నీ ఎత్తుకుపోవచ్చు కదరా? నలభై రెండు వదిలేసి ఒక్కటి తీసుకుంటావా? పిడికిలి బిగించాను. కొట్టాల్సిన మొహం ఆ గదిలో వాడిది కాదు.

"థాంక్స్ అన్నా," అంది కినంతి. పెన్‌డ్రైవ్ తీసి పిడికిట్లో పెట్టుకుంది.

ఇంటికి నా మోటారుసైకిలు మీద వెళ్ళాం. సుమినా పర్జో బండి ఎక్కింది, కావాలనే ఎక్కింది. రోజూ నా చొక్కా పట్టుకుని కూర్చునే పిల్ల ఆ రోజు వెనక ఊచ పట్టుకుంది. రెండో చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. సంత దాటాక, బండి వేగం తగ్గించి, అనవలసిన మాట ఏదో అనాలని నోరు తెరిచాను. ఇరవయ్యారేళ్ళు గీతలు గీశాను గానీ క్షమించమనడం ఒక్కసారి కూడా అలవాటు చేసుకోలేదు.

"నీ ఫోను నీకిచ్చేస్తానే," అన్నాను. "ఇంటికి వెళ్ళగానే ఇచ్చేస్తాను."

 వినబడలేదేమోనని తల తిప్పాను.

"ఇప్పుడు అందులో ఏముంది నాన్నా?" అంది.